పన్నెండో నీడ

వెర్ల్ స్టకీ చచ్చిపోయిన రోజు పొద్దున మేం ఆసుపత్రి జిమ్ములో రోగుల చేత వాలీబాల్ ఆడిస్తున్నాం. స్కోరు ఆరు, నాలుగు. వెర్ల్ ఓడిపోతున్న జట్టులో ఉన్నాడు. బంతి వచ్చి అతని ఛాతీకి తగిలి కింద పడింది. అతను దాన్ని తీయలేదు. ప్యాంటు నడుములోకి చెయ్యి పోనిచ్చి, నెట్ కింద నుంచి వంగి ఇవతలికి వచ్చి, ఈల నోట్లో పెట్టుకుని నిలబడిన థేన్ హోల్‌బ్రుక్ ముఖం మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

మొదట నేను గీతే అనుకున్నాను. తర్వాత చెంప తెరుచుకుంది. లోపలి పళ్లు కనబడ్డాయి. హోల్‌బ్రుక్ ఈల ఊదబోయాడు. గాలి చెంపలోంచి పోయింది గాని ఈల మోగలేదు.

"నన్ను చేపలకి పోనియ్యొద్దని రాశావుగా! ఏడేళ్లు ఆగాను, ఏడేళ్లు! రాశావా లేదా?" అని వెర్ల్ అరుస్తున్నాడు. రెండో వేటు హోల్‌బ్రుక్ అడ్డం పెట్టిన మోచేతి మీద పడింది. ఎముక దాకా దిగింది.

నేను వెనక నుంచి వెళ్లి వెర్ల్ చొక్కా పట్టుకున్నాను. అతను ఆరడుగుల రెండంగుళాల మనిషి, గొర్రెల మందల దగ్గర పెరిగినవాడు. వెనక్కి తిరక్కుండానే నా జుట్టు పట్టి నేలకేసి కొట్టాడు. మోకాలు నా రొమ్ము మీద పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. అతని చేతిలోది ముఖానికి దగ్గరగా వచ్చినప్పుడు నాకు ముందు తెలిసింది దాని వాసన, తోలుకి పట్టించే నూనె వాసన. అది మా పనిగదిలోని రంపి. తోలు కోసే అర్ధచంద్రాకారపు కత్తి. ముందురోజు మధ్యాహ్నం నేనే లెక్కపెట్టి సంతకం పెట్టిన కత్తి.

అప్పుడు ఓర్లిన్ జెసప్ అనే ఇంకో రోగి నెట్ బిగించే ఇనుప పిడి స్తంభంలోంచి లాగి వెర్ల్ తల మీద కొట్టాడు. మూరెడు పొడవు పిడి అది. మొదటి దెబ్బకి వెర్ల్ నా జుట్టు వదిలాడు. రెండో దెబ్బకి పక్కకి ఒరిగాడు. మూడో దెబ్బ కింద పడ్డాక కొట్టాడు. ఆ మూడోది అక్కర్లేదు. అది కూడా చెప్పాలి.

ఓర్లిన్ పిడి నేల మీద పెట్టేసి రెండు చేతులూ పైకెత్తాడు. అప్పటికి వార్డు మనుషులు అయిదుగురు వచ్చారు. వాళ్లకి కనబడింది రక్తం, నిలబడి ఉన్న ఒక రోగి. అయిదుగురూ ఒకేసారి మీద పడ్డారు. ఒకడు మెడ మీద మోకాలు పెట్టాడు, ఇంకొకడు చెయ్యి వెనక్కి విరిచాడు. జబ్బ ఎముక విరిగింది. "కింద పెట్టేశాను, పెట్టేశాను, చూడండి" అని ఓర్లిన్ నేలకి నోరు ఆనించి అంటూనే ఉన్నాడు.

వెర్ల్ మధ్యాహ్నం రెండింటికి పోయాడు.

*

ఆల్డర్ ఫ్లాట్ కొండవాలు మీది ఆ పిచ్చాసుపత్రిలో నేను పదకొండేళ్లు పనిచేశాను. యూటా రాష్ట్రంలో మా పని ఎవరంటే వాళ్లు చెయ్యడానికి లేదు. బంతి ఆడించాలన్నా, తోలు కుట్టించాలన్నా, రోగులని చెరువుకి తీసుకుపోయి చేపలు పట్టించాలన్నా లైసెన్సు ఉండాలి. హోల్‌బ్రుక్ స్పెషలిస్టు. ఏ రోగికి ఏ ఆట మందో, ఎవరు గేటు దాటి బయటికి పోవచ్చో రాసి సంతకం పెట్టేది ఆయన. నేను టెక్నీషియన్ని. ఆయన కళ్ల కింద ఆ పని చేయించేదాన్ని. నా భర్త గనిలో పోయేనాటికి నాకు చదవడం రాదు. నలభై ఆరేళ్ల వయసులో చర్చి కింది గదిలో ఆరేళ్ల పిల్లల పుస్తకంతో మొదలుపెట్టాను. టెక్నీషియన్ పరీక్ష మూడోసారికి పాసయ్యాను. ఆ లైసెన్సు అద్దం కట్టించి వంటింట్లో పొయ్యి పక్కన తగిలించుకున్నాను. ఆవిరికి అద్దం మసకబారితే తుడుచుకునేదాన్ని.

పనిగదిలో ఒక చెక్క పలక ఉండేది. దాని మీద పన్నెండు మేకులు. ఒక్కొక్క మేకు కింద ఒక్కొక్క పనిముట్టు ఆకారం నల్లరంగుతో వేసి ఉంటుంది. తోలుకి చిల్లు పొడిచే ఆరెలు నాలుగు, కత్తెరలు మూడు, కొయ్యసుత్తులు రెండు, రంధ్రాల పట్టకార్లు రెండు, చివర రంపి. పని అయ్యాక అన్నీ వాటి వాటి నీడల మీద తగిలించాలి. నల్లరంగు ఎక్కడా కనబడకపోతే లెక్క సరిపోయినట్టు. అప్పుడు నేను కాగితం మీద పన్నెండు అని రాసి సంతకం పెడతాను. స్పెషలిస్టు తన కళ్లతో చూసి రెండో సంతకం పెట్టాలి. ఆ తర్వాతే తలుపు తీయాలి. ఇది నియమం.

హోల్‌బ్రుక్ వారంలో అయిదు రోజుల కాగితాల మీదా సోమవారం పొద్దునే సంతకాలు పెట్టేసేవాడు. "మనం దొంగలమా సిస్టర్ బనెల్? నువ్వు చూస్తావుగా" అనేవాడు. మా చర్చిలో అందరం బ్రదర్, సిస్టర్ అనే పిలుచుకుంటాం. నేను చూసేదాన్ని. పదకొండేళ్లు చూసి చూసి నా కన్ను పనిముట్లని చూడటం మానేసింది. నలుపు కనబడుతోందా లేదా అని మాత్రం చూసేది.

ఆ సాయంత్రం పక్కటెముకలకి కట్టు కట్టించుకుని పనిగదికి వెళ్లాను. వెళ్లొద్దని నర్సు చెప్పింది. తలుపు దగ్గర నిలబడి పలక చూశాను. పన్నెండూ ఉన్నాయి.

రక్తంతో తడిసిన రంపి పోలీసుల సంచిలో ఉంది. పలక మీద కూడా రంపి ఉంది.

దగ్గరికి వెళ్లి ముట్టుకున్నాను. మెత్తగా ఉంది. తోలు. దళసరి జీను తోలుని రంపి ఆకారంలో కోసి, కత్తి భాగానికి బూడిదరంగు, పిడికి గోధుమరంగు వేసి, మేకుకి సరిపడా చిల్లు పెట్టి తగిలించాడు వెర్ల్. ముందురోజు నేను పన్నెండోదిగా లెక్కపెట్టింది ఈ తోలునే. అది కోస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ఏం చేస్తున్నావంటే "జీనుకి పువ్వు, సిస్టర్" అన్నాడు. "ఎంత నిదానంగా కోస్తున్నావయ్యా! వంకే లేదు" అని భుజం తట్టాను. ఆ రోజు అతని కాగితంలో ఓర్పు పెరిగింది అని కూడా రాశాను.

ఆ తోలుముక్క తీసి నా ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో ఆ క్షణంలో నాకు బాగా తెలుసు. పొయ్యి పక్కన అద్దం గుర్తొచ్చింది.

*

నా సంతకం ఓర్లిన్‌ని పట్టుకుంది.

ముందురోజు మూడుంపావుకి పన్నెండు పనిముట్లు ఉన్నాయని కాగితం చెబుతోంది. అంటే రంపి పోయింది ఆ తర్వాత. ఆ తర్వాత పనిగది తీసింది ఒక్కసారే, పొద్దున తోళ్ల కట్ట లోపల పెట్టడానికి. ఆ కట్ట మోసుకొచ్చింది ఓర్లిన్. కాబట్టి కత్తి ఓర్లిన్ దొంగిలించి వెర్ల్‌కి ఇచ్చాడు, తర్వాత నోరు మూయించడానికి చంపాడు అని ఆసుపత్రివాళ్లు తేల్చారు.

ఓర్లిన్ తొమ్మిదేళ్ల కింద గొంతులు వినబడి తండ్రి గడ్డికొట్టం తగలబెట్టినవాడు. లోపల నిద్రపోతున్న పనివాడికి కాళ్లు పోయాయి. తొమ్మిదేళ్లలో ఓర్లిన్ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఇంకో ఆరువారాల్లో అతన్ని వదలాలా వద్దా అనే విచారణ ఉంది. డెల్టా ఊళ్లో అతని అక్క గది సున్నం వేయించి పెట్టింది. ఇప్పుడా విచారణ రద్దయింది. ఇనప తలుపుల వార్డులో వేశారు. హత్యకేసు పెట్టాలా అని జిల్లా వకీలు ఆలోచిస్తున్నాడు.

రెండు వారాల తర్వాత నాకూ హోల్‌బ్రుక్‌కీ లైసెన్సు ఆఫీసు నుంచి ఉత్తరాలు వచ్చాయి. వెర్ల్ పోయిన నాలుగు నెలలకి విచారణ. ఆ ఆదివారం హోల్‌బ్రుక్ నన్ను ఇంటికి రమ్మన్నాడు. ఆయన భార్య చర్చిలో ఉంది. బల్ల మీద ఎవరో తెచ్చిన బంగాళాదుంపల పళ్లెం, రేకు కప్పి ఉంది. ఆయన ముఖం మీద చెవి నుంచి పెదవి దాకా కుట్లు. నోరు సగమే కదులుతోంది.

"లెక్క సరిగ్గానే ఉందని చెప్పు. అంతే. ఇంకేం మాట్లాడకు" అన్నాడు.

"లెక్క సరిగ్గా లేదు బ్రదర్."

"నీకెలా తెలుసు?"

నేను పిచ్చిదాన్ని. సంచిలోంచి తోలుముక్క తీసి చూపించాను.

వంగి చూశాడు. "ఈ పనిలో ముప్పై ఒక్క ఏళ్లు" అన్నాడు. "ఈ చట్టం రాకముందు ఈల ఊదినవాడల్లా వైద్యుడే. రోగిని నీళ్లలో ముంచి ఈత నేర్పానన్నవాణ్ని చూశాను. గుర్రమెక్కించి నడుం విరగ్గొట్టినవాణ్ని చూశాను. రాజధానిలో శాసనసభ మెట్ల మీద కూర్చుని, వచ్చిన ప్రతి సభ్యుడి చెయ్యీ పట్టుకుని బతిమాలాను, ఈ పనికి లైసెన్సు పెట్టండయ్యా అని. నా లైసెన్సు తీసేస్తే వాళ్లేమంటారో తెలుసా? 'చూశారా, ఈ బంతాటగాళ్లకి లైసెన్సు ఎందుకు' అంటారు. అది ఇటివ్వు."

"ఓర్లిన్ సంగతి?"

"వాడు మనిషిని చంపాడు!"

"నా కోసం చంపాడు. నీ కోసం కూడా."

"ఇటివ్వమంటున్నానా!"

బాగున్న చేత్తో నా గొంతు పట్టుకుని ఫ్రిజ్జుకేసి కొట్టాడు. దాని మీద అంటించిన మనవల బొమ్మలు రాలి పడ్డాయి. విరిగిన పక్కటెముక లోపల కదిలింది. నేను ముక్కని పిడికిట్లో బిగించాను. గొంతు వదిలి నా వేళ్లు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. చిటికెనవేలు వెనక్కి వంచితే విరిగింది. అరవడంతో ఆయన కుట్లు రెండు తెగాయి. రక్తం నా చర్చి గౌను మీద పడుతోంది. ఆయన బొటనవేలు నా నోటికి దగ్గరగా వచ్చింది. కొరికాను. పళ్లు ఎముకని తాకేదాకా వదల్లేదు.

ఆయన కిందకి జారి కూర్చున్నాడు. వేలు పట్టుకుని ఏడ్చాడు. "పో" అన్నాడు. "నీ అంతట నువ్వే నీ పీక కోసుకుంటావా? కోసుకో పో."

నేను అంత చేసి ఆ ముక్కని కాపాడుకున్నాను. తీసుకుపోయి ఎవరికైనా ఇచ్చానా? ఇవ్వలేదు. పిండి డబ్బాలో దాచాను. ప్రతి వారం రేపు ఇస్తాననుకున్నాను. ఆరు వారాలు దాటాయి. పది వారాలు దాటాయి.

ఒకసారి ఇనప వార్డుకి వెళ్లాను. కిటికీ అద్దంలోంచి చూడనిచ్చారు. ఓర్లిన్‌ని కుర్చీకి పట్టీలతో కట్టేసి ఉంచారు. ముందురోజు తల గోడకేసి కొట్టుకున్నాడట. నుదురు ఉబ్బి కన్ను మూసుకుపోయింది. జబ్బ వంకరగా అతుక్కుంది.

"సిస్టర్," అన్నాడు. "నువ్వు చూశావుగా? వాడు నీ మీద కూర్చున్నాడు గదా?"

"చూశాను ఓర్లిన్. చెప్పాను వాళ్లకి."

"మరి కత్తి నేను తీశానంటారేంటి? నేను తోళ్లు మోశాను, అంతే. నువ్వు పక్కనే ఉన్నావు. నేను పలక దగ్గరికన్నా పోయానా?"

"పోలేదు."

"అది కూడా చెప్పావా?"

"చెప్పాను" అన్నాను. చెప్పాను కూడా. కాని కాగితం ముందు ఆ మాట నిలవలేదు. ఆ కాగితాన్ని పడగొట్టగలిగేది నా ఇంట్లో పిండిలో ఉంది.

*

విచారణ ఆఫీసులో ముగ్గురు కూర్చున్నారు. ప్రశ్నలడిగింది ఆర్డిత్ ట్విచెల్ అనే ఆవిడ, లైసెన్సు ఆఫీసు పరిశోధకురాలు. పొట్టి మనిషి. బుగ్గలో పిప్పరమెంటు పెట్టుకుని మాట్లాడుతుంది. ఆసుపత్రి నుంచి పలక తెప్పించి గోడకి ఆనించారు. రంపి చోట నల్లని నీడ. మిగతా పదకొండూ ఉన్నాయి. హోల్‌బ్రుక్ తన వకీలు పక్కన, నాకు ఎదురుగా కూర్చున్నాడు. మచ్చ ఎర్రగా మెరుస్తోంది.

"ఈ సంతకం మీదేనా మిసెస్ బనెల్?"

"నాదే."

"పన్నెండూ చూశారా?"

నేను రాత్రంతా సిద్ధం చేసుకున్న మాట ఒకటుంది. చూశాను, అనే మాట. అది అంటే పొయ్యి పక్కన అద్దం అలాగే ఉంటుంది. నోరు తెరిచాను. హోల్‌బ్రుక్ నా వైపు చూశాడు. ఆ చెంప కదిలింది. నాకు ఆ ఈల గుర్తొచ్చింది, మోగని ఈల.

సంచి తెరిచాను. తోలుముక్కకి ఇంకా పిండి అంటుకుని ఉంది. బల్ల మీద పెట్టాను.

ట్విచెల్ దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పింది. లేచి వెళ్లి పన్నెండో మేకుకి తగిలించింది. తలుపు దాకా నడిచి, వెనక్కి తిరిగి, అక్కడ నిలబడింది. "మీరు కూడా ఇక్కడికొచ్చి చూడండి" అంది ఆ ఇద్దరితో. వాళ్లు లేచి వెళ్లారు. ముసలాయన ఒకడు కళ్లజోడు సర్దుకున్నాడు. "పన్నెండు" అన్నాడు. అన్నాక ఆయన ముఖం పాలిపోయింది.

"ఇది ఎప్పటి నుంచి మీ దగ్గరుంది?" ట్విచెల్ అడిగింది.

"ఆ సాయంత్రం నుంచి."

పిప్పరమెంటు పటుక్కుమని కొరికింది. "నాలుగు నెలలా?"

"అవును."

"ఆ మనిషి ఎక్కడున్నాడో తెలిసే?"

"తెలిసే."

"రెండో సంతకం ఎప్పుడు పెట్టారు?" అని హోల్‌బ్రుక్ వైపు తిరిగింది. ఆయన వకీలు ఏదో అనబోయాడు. హోల్‌బ్రుక్ లేచాడు. బల్ల మీది నీళ్ల గాజుకూజా తీసి నా తల వైపు విసిరాడు. అది నా చెవి పక్క నుంచి పోయి పలకకి తగిలి పగిలింది. ఆరెలూ కత్తెరలూ గాజుముక్కలతోపాటు నేల మీద చెల్లాచెదరయ్యాయి.

"సోమవారం" అన్నాడు ఆయన, నిలబడే, ఆయాసపడుతూ. "ప్రతి సోమవారం. చాలా?"

నా లైసెన్సు పూర్తిగా రద్దు చేశారు. ఆయనది కూడా. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు, అన్యాయమనీ అనిపించలేదు. ఇంటికి పోయి అద్దం దించాను. గోడ మీద ఆ మేర తెల్లగా నలుచదరంగా మిగిలింది.

*

జిల్లా వకీలు కేసు వదిలేశాడు. ఓర్లిన్ విడుదల విచారణకి మళ్లీ తేదీ ఇచ్చారు. నేను తాళంచెవులూ గుర్తింపుకార్డూ అప్పగించడానికి ఆసుపత్రికి వెళ్లిన రోజునే అతన్ని ఇనప వార్డు నుంచి పాత వార్డుకి మారుస్తున్నారు. పొడుగాటి నడవా. చేతులకి ముందువైపు సంకెళ్లు. కాపలావాడు ఫెరిస్, చాలాకాలంగా నాకు తెలిసినవాడు, అటు తిరిగి బల్ల మీద వంగి సంకెళ్ల పుస్తకంలో టైము రాస్తున్నాడు.

ఓర్లిన్ ముప్పై పౌన్లు తగ్గాడు. ఒక భుజం కిందకి వాలి ఉంది.

"పదహారు రోజులంట, సిస్టర్," అన్నాడు. "విచారణ. మా అక్క వస్తుందంట."

"క్షమించు ఓర్లిన్."

"దేనికి? నువ్వేగా ఆ తోలుముక్క పట్టుకొచ్చింది. ఫెరిస్ చెప్పాడు." సంకెళ్లు సర్దుకున్నాడు. "ఎక్కడ దొరికింది అది?"

ఎక్కడ అన్నాడు. ఎప్పుడు అనలేదు. నేను అక్కడితో ఊరుకోవచ్చు.

"పలక మీదే. ఆ సాయంత్రమే తీశాను. నా దగ్గరే ఉంచుకున్నాను."

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమవుతున్నప్పుడు అతని ముఖం చూశాను. తర్వాత రెండు చేతులూ కలిపి ఎత్తి సంకెళ్లతో నా నోటి మీద కొట్టాడు. గోడకి పడ్డాను. పన్ను ఒకటి ఊడి నాలుక మీదికి వచ్చింది. రెండోసారి చేతులెత్తాడు. మూడో దెబ్బ కూడా ఉంటుందని నాకు తెలుసు. కాని ఆ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

ఫెరిస్ తిరిగి చూశాడు. "ఏయ్! ఏమైంది? కొట్టాడా? సిస్టర్, వాడు కొట్టాడా నిన్ను?" అంటూ ఈల నోటికి పెట్టుకోబోయాడు.

కాగితం మీద ఒక్క దెబ్బ ఎక్కితే చాలు, పదహారు రోజులు మళ్లీ ఏళ్లవుతాయి. ఇలాంటి కాగితాలు రాసి రాసి నాకు తెలుసు.

"తలుపు" అన్నాను. నోట్లోంచి రక్తం కారింది. "ఇనప తలుపు విసురుగా వచ్చి తగిలింది. నాదే తప్పు, చూసుకోలేదు."

ఫెరిస్ తలుపు వైపు చూశాడు. అది పది అడుగుల దూరంలో ఉంది. ఓర్లిన్ సంకెళ్ల వైపు చూశాడు. వాటి మీద రక్తం ఉంది.

"తలుపా?"

"తలుపే. చెవుడా నీకు? కాగితం తీయి, నేనే రాసిస్తాను."

అతను కాగితం తీశాడు. నా విరిగిన చిటికెనవేలు వంకరగా అతుక్కుంది. అక్షరాలు ఎప్పుడూ నిదానంగానే రాస్తాను, ఆ రోజు ఇంకా నిదానంగా రాశాను. తలుపు అని రాశాను. ఒక చుక్క రక్తం కాగితం మీద పడితే ఫెరిస్ తన చొక్కా చేతితో అద్దాడు.

"ఇక్కడ హోదా రాయాలి" అన్నాడు, వేలు పెట్టి చూపిస్తూ. "టెక్నీషియన్ అనేగా?"

"కాదు. చూడటానికొచ్చిన మనిషి అని రాస్తాను."

ఓర్లిన్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. నేను సంతకం పెట్టి, పన్ను గుప్పిట్లో పట్టుకుని, తాళంచెవులు బల్ల మీద ఒక్కొక్కటే ముట్టుకుని లెక్కపెట్టి ఇచ్చాను. ఏడు.